ఆఖరి కుర్చీ

మండపేట చుట్టుపక్కల పేటల్లోంచి ఆడవాళ్ళని కువైట్ పంపించే ఏజెంట్లు వీధికొకడున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దిగే మహానగరపు ఎయిర్‌పోర్టులోంచి తొందరగా ఎలా బయటపడాలో చెప్పే మనిషి మాత్రం దేవకుమారి ఒక్కతే. ఆమె కూడా కువైట్‌లో ఇంటిపని చేసేదే. ఎవరు ఫోను చేసినా అంట్లు తోముతూనే చెప్పేది. విమానంలో బతిమాలైనా సరే ముందు సీటు అడగండి. బాత్రూం పని విమానంలోనే చూసుకోండి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ దగ్గర వేలుపెట్టి పట్టుకోండి. చంటిపిల్లలున్న వాళ్ళ వెనక క్యూలో నిలబడకండి, ఆ పిల్ల ఏడుస్తుంది, వాళ్ళ కాయితాలు కిందపడతాయి, ఇక మీ పని అంతే. ఇవన్నీ ఒక ఎత్తు. అట్టపెట్టె తేవద్దన్నది ఒక ఎత్తు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చేతిలో గిన్నె ఆగిపోయేది.

కువైట్ నుంచి వచ్చే ఆడమనిషి అట్టపెట్టె లేకుండా వస్తే పేటలో పరువు దక్కదు. నైలాన్ తాడుతో అష్టకట్లు కట్టి, నాలుగు వైపులా మార్కర్‌తో పేరు రాసి, లోపల దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, ఖర్జూరాలు కుక్కి తేవాలి. దేవకుమారీ అలాగే తెచ్చింది, తొమ్మిదేళ్ళ కిందట తల్లి పోయిందని కబురొచ్చి బయల్దేరినప్పుడు. చావుకొస్తూ పెట్టె ఎందుకే అని తోటివాళ్ళు అన్నారు. ఉత్త చేతులతో వస్తే ఇంటిల్లిపాదీ ఏమనుకుంటారని ఈమె అంది. విమానం దిగాక ఆ పెట్టె కోసం బెల్టు దగ్గర నిలబడింది. అందరివీ వచ్చాయి, ఈమెది రాలేదు. రెండు గంటలు నిలబడింది. పెట్టె వచ్చింది. దాన్ని జీపెక్కించుకుని పేటకి చేరేసరికి తల్లిని సమాధి చేసి నలభై నిమిషాలైంది. పార్లు కడుక్కుంటూ మనుషులు ఎదురొచ్చారు. పాలపొడి డబ్బాల కోసం కన్నతల్లి మొహం పోగొట్టుకుంది. ఆ పెట్టెని ఆమె విప్పనే లేదు, ఎవరు విప్పుకుని ఎవరు పంచుకున్నారో కూడా అడగలేదు.

అప్పట్నుంచి మనిషికి తొందర పిచ్చి పట్టుకుంది. వచ్చిన ప్రతిసారీ ఒక్క చేతిసంచితో వచ్చేది, వాచీ చూసుకుని ఈసారి ఇన్ని నిమిషాలని చెప్పుకునేది. మొగుడు ఆశీర్వాదం నవ్వేవాడు. మండపేటలో ఒక రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి, నెమ్మదస్తుడు. "నువ్వు గంట ముందొచ్చినా నేను ఇక్కడే ఉంటాను, గంట ఆలస్యమైనా ఇక్కడే ఉంటాను. ఎందుకే నీకా కంగారు?" అనేవాడు.

వీల్‌చైర్ కిటుకు ఆమె కనిపెట్టింది కాదు, గొప్పింటి వాళ్ళని చూసి నేర్చుకున్నది. ఒకసారి వస్తున్నప్పుడు, అక్కడ కొట్లన్నీ చకచకా తిరిగి చాక్లెట్లు కొన్న ఒక పట్టుచీర పెద్దావిడ, ఇక్కడ దిగగానే వీల్‌చైర్‌లో కూలబడింది. తోసే మనిషి ఆవిడని జనం పక్కనుంచి తీసుకుపోయి విడిగా ఉన్న కౌంటర్ దగ్గర పెట్టాడు. దేవకుమారి వాళ్ళు క్యూలో సగం జరిగేసరికి ఆవిడ కారెక్కి కూడా ఉంటుంది. ఓహో ఇదా సంగతి అనుకుంది దేవకుమారి. టికెట్ దగ్గర మోకాలు పట్టుకుని నడవలేనని చెబితే చాలు, రాసుకుంటారు. తప్పు కాదా అంటే తప్పే. ఆ పట్టుచీర ఆవిడకి లేని తప్పు మనకేనా అనుకుంటే సరిపోయింది. మర్నాడే నలుగురికి చెప్పింది, ఆ నలుగురూ నలభైమందికి చెప్పారు. ఇలాంటి చదువు అబ్బడానికి ఎంతసేపు.

పోయిన వేసవి, రోహిణి కార్తెలో, ఒక సోమవారం మధ్యాహ్నం మిల్లులో నిలువెత్తున పేర్చిన బస్తాలు జారి ఆశీర్వాదం మీద పడ్డాయి. బయటికి లాగేసరికి ప్రాణం లేదు. మొహానికి ఏమీ కాలేదు, గుండెలే నలిగిపోయాయి. కూతురు ఆశాజ్యోతి ఫోనులో చెప్పలేక ఏడుస్తుంటే, పేటలో కారు తోలే హరిబాబు ఫోనందుకుని చెప్పాడు. మంగళవారం పోస్టుమార్టం అయిపోతుందని, బుధవారం సాయంత్రం నాలుగింటికి సంఘపెద్దలు సమాధి ఖాయం చేశారని, అంతకుమించి ఒక్క గంట కూడా ఆపలేమన్నారని చెప్పాడు.

"బాడీ ఆగేలా లేదక్కా. ఐస్‌పెట్టె పెట్టాం గానీ కరెంటు గంటకోసారి పోతోంది. నాలుగు దాటితే శవపెట్టె మూసేస్తారంట. నువ్వు ఏడులోపు ఎయిర్‌పోర్టు బయట ఉంటే నేను తీసుకొచ్చేస్తాను. ఎనిమిది దాటితే నా చేతుల్లో లేదు."

యజమానురాలు పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. విమానం బుధవారం ఉదయం ఆరింటికి దిగుతుంది. రోడ్డు మీద ఎనిమిది గంటలు. దేవకుమారికి లెక్క చెప్పక్కర్లేదు, తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది ఈ లెక్కే. కువైట్‌లో టికెట్ కౌంటర్ దగ్గరికి కుంటుతూ వెళ్ళింది. వీల్‌చైర్ రాయించుకుంది. మొగుడు పోయిన దుఃఖంలో కూడా కుంటడం మర్చిపోలేదంటే మనిషి ఎంత గట్టిదో అనుకోవాలి, లేదా ఎంత భయపడిందో అనుకోవాలి. భయమే ఎక్కువ. అమ్మ మొహం దక్కలేదు, ఈయన మొహం అయినా దక్కాలి.

విమానంలో పక్కసీటులో ఒక పెద్దావిడ కూర్చుంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి, ఆడవాళ్ళ చెప్పులు పట్టక మగవాళ్ళ చెప్పులు తొడుక్కుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. పేరు అప్పాయమ్మ, ఊరు కొవ్వూరు అవతల. ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్ళు వంట చేసింది. గుండె పాడైందని డాక్టర్లు చెప్పాక ఆ ఇంటివాళ్ళు మూడు నెలల మందులు కొనిచ్చి పంపించేశారు. కూతురు వీరదుర్గ ఎయిర్‌పోర్టు బయట ఎదురుచూస్తూ ఉంటుందట. ఆ పిల్ల మొహం చూసి అయిదేళ్ళయిందని చెప్పింది.

నువ్వెందుకు వెళ్తున్నావమ్మా అని అడిగితే దేవకుమారి చెప్పింది. చెబుతుంటే అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. అప్పాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, విమానం గాల్లో ఉన్నంతసేపూ వదల్లేదు. మధ్యలో ఒకసారి కాలికేమైందని అడిగింది. ఎక్కేటప్పుడు కుంటడం చూసింది కదా. మెట్ల మీద జారిపడ్డానని దేవకుమారి చెప్పింది. ఇన్నేళ్ళ అలవాటు, అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది.

"అటు మొగుడు, ఇటు కాలు. దేవుడికి కళ్ళు లేవమ్మా" అంది అప్పాయమ్మ. "నా అట్టపెట్టెలో మంచి తైలం ఉంది. దిగాక గుర్తుచెయ్యి, ఇస్తాను. పొద్దునా సాయంత్రం రాసుకో."

దేవకుమారి అలాగే పిన్నీ అంది. పిన్నిగారి ఫోనులో తన నంబరు కూడా తనే ఎక్కించి ఇచ్చింది. నిజం అప్పుడే చెప్పేసి ఉంటే బాగుండేది. కానీ చెయ్యి పట్టుకుని ఓదారుస్తున్న మనిషికి, నేను కుంటిదాన్ని కాదు పిన్నీ, దొంగవేషం వేశాను అని ఎలా చెబుతారు?

విమానం ఆరూ అయిదుకి దిగింది. దేవకుమారి సంచి భుజాన వేసుకుని, అప్పాయమ్మని లేవదీసి, రెక్క పట్టుకుని, తను కుంటుతూనే నడిపించింది. ఆవిడ నాలుగడుగులకోసారి ఆగుతోంది. వెనకవాళ్ళు తోసుకుంటూ ముందుకెళ్ళిపోతున్నారు. ద్వారం దాటి గొట్టంలాంటి దారి చివరికొచ్చేసరికి, వీల్‌చైర్లు వరసగా కదిలిపోతూ కనిపించాయి. కూర్చున్నవాళ్ళలో సగంమంది దేవకుమారికి తెలిసినవాళ్ళే. ద్రాక్షారామం పిల్ల, ఆలమూరు పిల్ల, ఇంకో ముగ్గురు. కాళ్ళు లక్షణంగా ఉన్నవాళ్ళు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు. ఆమెని చూసి ఒకామె నవ్వబోయి, చావు సంగతి గుర్తొచ్చి తల దించుకుంది. ఆ రోజు పన్నెండుమంది వీల్‌చైర్ రాయించుకున్నారని తర్వాత తెలిసింది. వచ్చినవి పదకొండు.

చివర ఒక్క కుర్చీ మిగిలింది. దాని వెనక మీసాలు నెరిసిన మనిషి కాయితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరి పేర్లూ చూసుకున్నాడు. "ఇద్దరూ లిస్టులో ఉన్నారమ్మా, చైర్ ఒకటే ఉంది. ఇంకోటి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎవరు ముందు?" అన్నాడు.

దేవకుమారి వాచీ చూసింది. ఆరూ ఇరవైరెండు. అద్దాల్లోంచి చూస్తే పక్కన ఇంకో రెండు పెద్ద విమానాలు అప్పుడే వచ్చి ఆగి ఉన్నాయి. ఆ జనమంతా ఇదే క్యూలోకొస్తారు. నడిచి వెళితే గంటన్నర, తక్కువలో తక్కువ. గంటన్నరంటే ఎనిమిది. ఎనిమిదంటే పెట్టె మూసేస్తారు. పక్కన అప్పాయమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఊపిరి తీసుకుంటోంది. ఈవిడని కూర్చోబెట్టండి, నా కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ మాట దేవకుమారి గొంతు దాకా వచ్చింది. ఒట్టు, వచ్చింది.

ఈలోపు అప్పాయమ్మే అనేసింది. "ఈ అమ్మాయిని తీసుకెళ్ళండి బాబూ. కాలు బాగోలేదు. ఇంటిదగ్గర మొగుడి శవం ఉంది. నాకేం తొందర, నేను బతికున్నవాళ్ళ దగ్గరికే కదా వెళ్తున్నాను."

దేవకుమారి కూర్చుంది.

కుర్చీ కదిలింది. మలుపు తిరిగే ముందు వెనక్కి చూస్తే, అప్పాయమ్మ గోడకానుకునే ఉండి, వెళ్ళు వెళ్ళమని చెయ్యి ఊపుతోంది. పొడుగాటి వరండాలు, కదిలే పట్టీలు, పక్కనుంచి పరిగెత్తే జనం, వాటన్నిటినీ కుర్చీ దాటించేసింది. విడి కౌంటర్‌లో ఆఫీసరు మొహం చూశాడు, ముద్ర కొట్టాడు. సామాన్ల బెల్టులవైపు దేవకుమారి కన్నెత్తి కూడా చూడలేదు. బయట అద్దాల తలుపు తెరుచుకోగానే కుర్చీలోంచి లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, హరిబాబు నిలబడ్డ చోటికి పరుగు తీసింది. కుర్చీ తోసిన మనిషి ఖాళీ కుర్చీని వెనక్కి తిప్పుకున్నాడు. కుంటివాళ్ళు లేచి నడిచిన సంగతులు దేవకుమారి చర్చిలో వింది, అతను రోజూ కళ్ళారా చూస్తున్నాడు. అప్పటికి టైము ఏడుకి పది నిమిషాలు తక్కువ.

దారిలో ఎక్కడా కాఫీకి కూడా ఆగలేదు. కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కినప్పుడు రెండున్నరైంది. నీళ్ళు తగ్గి ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. పిన్ని కూడా ఈపాటికి దారిలో ఉంటుంది, రాత్రికి కూతురి చేతి అన్నం తింటుంది అనుకుంది దేవకుమారి. ఒకసారి ఫోను చేద్దామనిపించింది. కానీ ఆవిడ ఫోనులో తన నంబరు ఎక్కించిందే గానీ, ఆవిడ నంబరు తను తీసుకోలేదు.

మూడూ ఇరవైకి పేటలో దిగింది. జనం దారి ఇచ్చారు. ఆశాజ్యోతి వచ్చి మెడ పట్టుకుని వేలాడింది. ఆశీర్వాదం నిద్రపోతున్నవాడిలా ఉన్నాడు, గడ్డం రెండ్రోజులది పెరిగి ఉంది. స్నానం చేయించినవాళ్ళు చెవి మడత మర్చిపోయారు, అందులో ఇంకా తవుడు ఉంది. దేవకుమారి కొంగుతో మెల్లగా తుడిచింది. ఎప్పుడు మిల్లు నుంచి వచ్చినా ఆమె తుడిచేది అక్కడే. నలభై నిమిషాలు ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. నాలుగింటికి పాస్టరుగారు ప్రార్థన చేశారు, పెట్టెకి మేకులు కొట్టారు. గోతిలో పిడికెడు మట్టి ఆమె తన చేత్తో వేసింది.

అదృష్టవంతురాలివే, కడసారి చూపు దక్కింది అన్నారు ఆడవాళ్ళు. అవునని దేవకుమారీ అనుకుంది. ఆ దుఃఖంలో ఆమెకున్న ఊరట అదొక్కటే, దాన్ని పట్టుకుని మూడు రోజులు గడిపింది.

సంఘంవాళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన అయిన మర్నాడు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"నేను అప్పాయమ్మగారి అమ్మాయినండి, వీరదుర్గని. అమ్మ పోయిందండి."

ఆ పిల్ల నెమ్మదిగా, వరసగా చెప్పింది. దిగగానే అమ్మ ఫోను చేసిందట. కుర్చీ ఒక్కటే ఉంటే, పాపం మొగుడు పోయి వస్తున్న ఒక కుంటి అమ్మాయికి ఇచ్చానని, కొంచెం ఆలస్యమైనా కంగారు పడొద్దని చెప్పిందట. ఆ తర్వాతి సంగతి ఎయిర్‌పోర్టు వాళ్ళు చెప్పారట. అయిదు నిమిషాలు నిలబడింది. అక్కడ కూర్చోవడానికి చోటు లేదు. కూతురు ఎదురుచూస్తోందని మెల్లగా నడవడం మొదలుపెట్టింది. వరండా సగం దాటాక పడిపోయింది. కుర్చీ ఆ తర్వాత వచ్చిందట. డాక్టరు వచ్చేసరికి అయిపోయిందట. వీరదుర్గకి అప్పుడు ఇవేవీ తెలియవు. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా అమ్మేనేమోనని మెడ సాచి చూస్తూ, పదకొండు దాకా అక్కడే నిలబడింది.

"ఆఖరున అమ్మ పక్కన ఉన్నది మీరే కదండీ. ఏమన్నా చెప్పిందా అండి?"

నీ గురించే చెప్పింది, నీ మొహం చూడాలంది అని చెప్పింది దేవకుమారి. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చింది. ఫోను పెట్టేసే ముందు గొంతు సర్దుకుని, ఏ ఊరో కనుక్కుని, "మీ కాలు ఎలా ఉందండి?" అని అడిగింది.

"పర్లేదమ్మా" అంది దేవకుమారి.

ఆ తర్వాత ఆమెకి అన్నం సయించలేదు. చూపు దక్కిందన్న ఊరట కాస్తా పోయింది. ఆశీర్వాదం మొహం తలుచుకుందామంటే గోడకానుకున్న పెద్దావిడ అడ్డొచ్చేది. కువైట్ నుంచి ఆడవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు, అక్కా వీల్‌చైర్ ఎలా రాయించుకోవాలని. దేవకుమారి ఫోను తీయడం మానేసింది. పాస్టరుగారికి చెబుదామని రెండుసార్లు చర్చి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. ఆశాజ్యోతి రాజమండ్రిలో కాలేజీకి వెళ్ళిపోయింది. ఇంట్లో మనిషి ఒంటరిగా మిగిలింది.

ఆశీర్వాదం పెద్దదినం అయ్యాక, చెప్పాపెట్టకుండా, ఇల్లు వాకబు చేసుకుని వీరదుర్గ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తల్లి పోలికే, అదే వెడల్పాటి నుదురు. కొవ్వూరు నుంచి బస్సులు మారి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. మంచం మీద కూర్చున్న దేవకుమారి లేవబోతే గబగబా వచ్చి భుజం పట్టుకుని ఆపేసింది.

"లేవకండి, లేవకండి. కాలు బాగోలేదు కదా."

దేవకుమారి కూర్చుండిపోయింది. ఇది రెండోసారి కూర్చోవడం.

ఆ పిల్ల మంచినీళ్ళు కూడా అడగలేదు. కింద చాప మీద కూర్చుని, చేతిసంచిలోంచి ఒక చిన్న సీసా తీసింది. పసుప్పచ్చ తైలం. అట్టపెట్టె తమకి వారం తర్వాత అందిందని, విప్పితే పైనే ఇది ఉందని చెప్పింది. ఫోనులో అమ్మ ఈ తైలం సంగతి కూడా చెప్పిందట, ఆ అమ్మాయి నంబరు నా ఫోనులో ఉంది, ఎలాగైనా తైలం అందించాలని. మీరు అప్పటికే వెళ్ళిపోయారు, అమ్మ మాట ఉండిపోయింది, అందుకే తెచ్చానండి అంది. మూత తిప్పి అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుంది. తన చేత్తోనే రాద్దామని ముందుకి జరిగింది.

"ఏ కాలండి?"

దేవకుమారి తన కాళ్ళకేసి చూసుకుంది. కౌంటర్ దగ్గర పట్టుకున్నది కుడి మోకాలా, ఎడమదా? విమానమెక్కేటప్పుడు ఏ కాలు ఈడ్చింది? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆ పిల్ల చెయ్యి చాపి ఉంచింది. తైలం వేళ్ళ సందుల్లోంచి చాప మీదికి జారుతోంది.

"రెండూ బాగానే ఉన్నాయమ్మా" అంది దేవకుమారి. "అప్పుడూ బాగానే ఉన్నాయి. తొందరగా బయటపడాలని అట్లా నడిచాను."

వీరదుర్గకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేతిలో తైలాన్ని తన చున్నీకే తుడుచుకుంది. తిడుతుందేమో, జుట్టు పట్టుకుంటుందేమో అని దేవకుమారి చూసింది. తిట్టినా బాగుండు అనుకుంది. ఆ పిల్ల తిట్టలేదు.

"ఆ సంగతి మా అమ్మకి తెలుసాండి?"

"తెలీదమ్మా. నిజమనే అనుకుంది."

వీరదుర్గ తల ఊపింది. సీసాకి మూత బిగించి, తిరిగి సంచిలో పెట్టుకుంది. లేచి, చాప చుట్టి గోడకి ఆనించి, గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు. ఆ పిల్లా చెప్పలేదు. ఆచారం పాటించి చెప్పలేదో, చెప్పబుద్ధి కాక చెప్పలేదో దేవకుమారికి ఈ రోజుకీ తెలీదు.